రోలైఫ్లెక్స్‌లో రీలు ఒకటి దగ్గర ఆగకుండా తిరిగిపోతే

అన్నా, మీ రోలైఫ్లెక్స్ ఆటోమాట్ అనే పాత ఫిల్ము కెమెరాలో మామూలు రీలు బాగానే నడిచిందని, కొత్తగా తెప్పించిన పాలిస్టర్ రీలు మాత్రం ఒకటో నంబరు దగ్గర ఆగకుండా చివరిదాకా తిరిగిపోయిందని రాశారు. కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. ముందు రీలు మందం సంగతి చూడండి.

కొన్ని కెమెరాల్లోలా కాగితం మీది బాణాన్ని కెమెరా గుర్తుతో కలిపే పని ఇందులో లేదు. ఫిల్ము వెనక ఉండే కాగితం రెండు రోలర్ల మధ్యలోంచి పోతుంది. 120 అనే ఈ సైజు రీలులో మొదట ఒట్టి కాగితమే ఉంటుంది. ఫిల్మును టేపుతో అంటించిన చోట మందం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఉబ్బు తగిలి రోలరు కదిలితేనే కౌంటరు పని మొదలుపెడుతుంది. టేపు చుట్ట కొస కోసం గోటితో తడిమినట్టే ఇదీ. ఇల్‌ఫర్డ్ వాళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము హెచ్‌పీ5 రీలు 120లో బేసు (ఫిల్ము ప్లాస్టిక్ పొర) మందం 0.110 మి.మీ. కొన్ని పాలిస్టర్ రీళ్లు అంతకన్నా పలచన. తేడా వెంట్రుకవాసి కూడా ఉండదు, కానీ గ్రీజు గట్టిపడిన పాత కెమెరాకు అదే ఎక్కువ.

హనుమకొండలో మా బాబాయి స్టూడియోలో పెళ్లిళ్లన్నీ 120 రీళ్ల మీదే తీసేవాళ్లం. అక్కడి రోలైఫ్లెక్స్ కూడా పలచటి రీలు వేస్తే ఇలాగే చేసేది. కాగితం ఎక్కించేటప్పుడు కింది స్పూలును బొటనవేలితో కొద్దిగా నొక్కిపెడితే కాగితం బిగువుగా వెళ్లి చాలాసార్లు సరిపోయేది. అప్పటికీ వినకపోతే డార్క్‌రూములో రీలు విప్పి, అతుకు మీద ఇంకో వరస కాగితపు టేపు ముడత లేకుండా వేసి, మళ్లీ బిగించి చుట్టేవాళ్లం. అసలు కాగితం ఆ రెండు రోలర్ల మధ్యలోంచే ఎక్కించారా? పైనుంచి పోతే ఏ రీలూ ఆగదు.

పాత కాగితానికి పనికిరాని ఫిల్ము ముక్క అంటించి, వెలుతురులోనే ఒకసారి తిప్పి చూడండి. మంచి రీలు పాడుచేసుకోవద్దు.

ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పడటం వేరే జబ్బు, దానికీ మందమే కారణం కావచ్చు. హాసెల్‌బ్లాడ్ లాంటి కెమెరాలు స్పూలు ఎంత తిరిగిందో చూసి ఫిల్మును జరుపుతాయి. ఫిల్ము స్పూలు మీద దాదాపు 15 చుట్లు పడుతుంది. మందం 0.02 మి.మీ. తగ్గితే చివరికి చుట్ట అడ్డకొలత 0.6 మి.మీ. తగ్గుతుంది, అంటే ఒక్కో చుట్టుకు దాదాపు 2 మి.మీ. ఫిల్ము తక్కువగా వస్తుంది. అందుకే మొదటి ఫ్రేములు బాగుండి చివరివి దగ్గరపడతాయి. ఖాళీ స్పూలుకు ముందే కొంచెం కాగితం చుడితే ఎడం పెరుగుతుంది. మన ఇళ్లలో ఉండే ఆగ్ఫా క్లిక్ 3కి ఈ బాధ లేదు, ఎర్ర కిటికీలో కాగితం మీది నంబరు చూసి ఆపుతాం కదా.

మీ కెమెరా మామూలు రీలుకు కూడా ఆగడం మానేస్తే అప్పుడు మెకానిక్ చేతికివ్వండి. రోలరు పట్టీని మాత్రం మీరే వంచకండి, అది విరిగితే దొరకడం కష్టం.