చిలికాలో పక్షులు, డాల్ఫిన్లు ఒకే రోజు చూడొచ్చా?

మే నెలలో ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ అనే ఊరికి వెళితే వలస పక్షి ఒక్కటీ కనబడలేదని, ఈ సంక్రాంతి సెలవుల్లో బరంపురం నుంచి పిల్లలతో మళ్లీ వెళ్లి పక్షులు, డాల్ఫిన్లు ఒకే రోజు చూడొచ్చా అని అడిగారు. మేలో అంతేనండి. ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచి వచ్చిన పక్షులు మార్చికల్లా చాలావరకు వెళ్లిపోతాయి. సంక్రాంతికైతే నిండుగా ఉంటాయి.

నా మాట వింటే డాల్ఫిన్లను ఇంకోసారికి పెట్టుకోండి. అవి ఎక్కువగా కనబడేది పూరీ వైపు సాతపడా దగ్గర. రెండూ ఒక్కరోజులో అంటే పిల్లలకు కారు ప్రయాణమే మిగులుతుంది.

పక్షుల కోసమైతే బరంపురం నుంచి 16వ నంబరు హైవేలో టాంగీ దాకా వెళ్లి కుడికి తిరగండి, సరస్సు ఒడ్డున మంగళాజోడి అనే ఊరు వస్తుంది. పొద్దున్నే పడవ ఎక్కేలా చూసుకోండి. గెడ వేసి నడుపుతారు, ఇంజను చప్పుడుండదు, పక్షులు బెదరవు. పొడుగాటి ముక్కు మొదలంటా బురదలో దించి పురుగులు లాగే గాడ్‌విట్ అనే వలస పక్షులను దగ్గర్నుంచి చూడొచ్చు. పడవవాళ్లలో కొందరు ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే, వాళ్ల చూపు తప్పించుకోవడం కష్టం!

సరస్సులో పక్షులు చేరే నలబణ దీవి వానాకాలంలో నీట మునిగి చలికాలానికి బయటపడుతుంది గానీ, దాని మీద దిగనివ్వరు. పిల్లలకు మంకీ క్యాపులు మర్చిపోకండి, నీళ్ల మీద చలిగాలి గట్టిగానే కొడుతుంది.