కొమ్మా, కమ్మా, మట్టా?

సందేహం: రాజాం నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు. "మాస్టారూ, మా ఇంటి ముందు రెండు రాయల్ పామ్‌లు, గోడ పక్కన ఒక ఫిష్‌టెయిల్ పామ్ పెంచుతున్నాం. ఎండిన కొమ్మలు కొట్టెయ్యమని ఒక మనిషిని పిలిస్తే 'వీటికి కొమ్మలేటి బాబూ, కమ్మలు గానీ' అని నవ్వాడు. కమ్మలంటే చెవులకి పెట్టుకునేవి కదా అంటోంది మా అమ్మాయి. ఏది ఒప్పు? పామ్ అనే బదులు తాటిచెట్టు అనొచ్చా?"

సమాధానం: ఆ మనిషికి కూలి మీద ఓ వంద ఎక్కువిచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వాల్సింది. ఈ జాతి చెట్లకి కొమ్మలుండవు. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం వీటిని తృణద్రుమాలంది, అంటే గడ్డి చెట్లు. నేటి వృక్షశాస్త్రం కూడా దాదాపు ఆ మాటే అంటుంది కాబట్టి అమరసింహుణ్ణి తేలిగ్గా తీసెయ్యకండి. వేపకీ మామిడికీ పడిన గాయం మీద కొత్త చెక్క పెరిగి కప్పేస్తుంది, వీటికి ఆ వీలు లేదు, మీరు గేటు లైటు కోసం కొట్టిన మేకు మచ్చ చెట్టున్నంత కాలం ఉంటుంది. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని పడగొట్టినప్పుడు కూడా 'కొబ్బరి కొమ్మలు విరిగాయి' అని రాసినవాళ్లని చూశాను. చెట్టు పోయిన బాధ ఒకటి, ఈ బాధ ఒకటి.

ఇక కమ్మ. మీ అమ్మాయి అన్నదీ నిజమే, ఆ మనిషి అన్నదీ నిజమే, ఎందుకంటే రెండూ ఒకటే మాట. చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కింటి పిల్ల చెవికి పెడుతుంటే చూశాను. పచ్చి తాటాకులోంచి వేలెడు వెడల్పు పట్టీ చీల్చి, గడియారం స్ప్రింగులా బిగించి చుట్టి, కుట్టిన కన్నంలోకి దూర్చింది. ఆ చుట్ట మెల్లగా విచ్చుకుంటూ కన్నాన్ని పెద్దది చేస్తుంది, తర్వాత ఇంకాస్త పెద్ద చుట్ట. తాటికమ్మ పెట్టుకున్న చోటికే తర్వాత బంగారం వచ్చింది, పేరు మాత్రం ఆకుదే మిగిలిపోయింది. ఇది నేనల్లిన కథ కాదు, సంస్కృతంలోనూ ఇదే జరిగింది. 'కర్ణికా తాలపత్రం స్యాత్' అంటాడు అమరుడు, చెవి నగకి తాటాకనే పేరు! చెవి కమ్మకి ఇంకో పేరైన తాటంకానికీ ఆ తాటాకుతోనే చుట్టరికం అనేవాళ్లున్నారు, నేనూ ఆ పక్షమే. గజేంద్రుడి మొర విని హరి చెప్పాపెట్టకుండా బయల్దేరితే వెనకాలే లక్ష్మీదేవి పరుగు, పోతన ఆ పద్యం ఎత్తుకోవడమే 'తాటంకాచలనంబుతో' అని. ముందు ఆవిడ మొహం కాదు, నడక కాదు, చెవి కమ్మలు ఊగడం కనిపించిందాయనకి. ఎవరైనా కంగారుగా లేచి పరిగెడితే మనకీ ముందు కనిపించేది అదే కదా! అయితే తాటాకు చుట్ట కన్నంలో బిగిసి ఉంటుంది, అంతగా ఊగదు. లక్ష్మీదేవి కాబట్టి బంగారానివే అయి ఉంటాయి లెండి.

కమ్మకి ఉత్తరం అనే అర్థం కూడా ఉంది, తాటాకు మీద రాసిన రోజుల నుంచి. కమ్మని వాసనలో ఉన్న కమ్మ వేరు. కొమ్మ అంటే కావ్యాల్లో ఆడమనిషి, దాని జోలికి ఇప్పుడు వద్దు.

మరి మట్ట? ఆకుని చెట్టుకి పట్టి ఉంచే కాడ మట్ట, తాటికైతే దానికి రంపం పళ్లుంటాయి. కొబ్బరి దగ్గరికొచ్చేసరికి ఆకుతో కలిపి మొత్తాన్నీ మట్ట అనేస్తాం, మన వైపు కమ్మ అనడమూ ఉంది. మీ రాయల్ పామ్ ఆకు కొబ్బరి ఆకులాంటిదే కాబట్టి నేనైతే మట్ట అంటాను. ఆ మనిషి కమ్మ అన్నాడని తప్పు పట్టను. అసలు ఆ మట్ట ఎండితే దానంతటదే ఊడి పడుతుంది, నిచ్చెన వేసి కొట్టించడం ఎందుకో! పచ్చివి మాత్రం కొట్టించకండి. మధ్యలో కొత్త ఆకులు పుట్టే మొవ్వు ఒక్కటే ఉంటుంది, అది పోతే పక్క నుంచి ఇంకోటి రాదు, చెట్టే పోతుంది.

పామ్‌ని తాటిచెట్టు అనొచ్చా అంటే, అనకపోతేనే మేలు. తాడి ఒక్క చెట్టు పేరు, దాని ఔపవిభక్తికం, అంటే వేరే మాట ముందో విభక్తి ముందో మారే రూపం, తాటి. తాడిని తన్నేవాడుంటే అనే సామెతలో ఉన్నది కూడా ఆ ఒక్క చెట్టే. ఈత, పోక, కొబ్బరి దేని పేరు దానికుంది, అన్నిటికీ కలిపి ఒక్క మాట మన పల్లెల్లో నేను వినలేదు. రాయల్ పామ్ బయటి నుంచి వచ్చింది, దాని పేరుతోనే ఉండనివ్వండి. కానీ గోడ పక్కన ఫిష్‌టెయిల్ పామ్ అని రాశారే, అక్కడ మాత్రం కోపం వచ్చింది. అది జీలుగు చెట్టండీ! సీతంపేట కొండల్లో సవరలు కల్లు గీసుకునే జీలుగు. నర్సరీలో డబ్బిచ్చి కొనేసరికి మనకి చేపతోక అయిపోయింది. ఒంటి మానుదైతే పూత పైనుంచి మొదలై ఏటేటా కిందికి దిగుతుంది, అడుగు దాకా వచ్చాక చెట్టు చచ్చిపోతుంది. అప్పుడు నీళ్లు తక్కువయ్యాయని కంగారుపడొద్దు. పండ్ల రసం ఒంటికి తగిలితే విపరీతమైన దురద, గెలలు కోయించేటప్పుడు మీ అమ్మాయిని దూరంగా ఉంచండి.