గైడ్ గారు టాపిక్ అడిగారు, మా దగ్గర నల్లరేగడి ఉంది

ప్రశ్న: గుంటూరులో ఎంటెక్ జియోటెక్నికల్ (నేల, పునాదుల ఇంజనీరింగ్) చదువుతున్నాను. రెండు వారాల్లో థీసిస్ టాపిక్ చెప్పాలట. సీనియర్లంతా నల్లరేగడిలో ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) కలిపినవాళ్లే. మళ్లీ అదేనా? మెషీన్ లెర్నింగ్ తీసుకోమంటున్నారు ఫ్రెండ్స్. టెన్షన్‌గా ఉంది సార్.
– ఓ విద్యార్థిని

జవాబు: నల్లరేగడి, ఫ్లైయాష్ అనేవి రెండు సరుకుల పేర్లమ్మా, టాపిక్ ఇంకా పుట్టలేదు. బూడిద కలిపితే ఉబ్బు తగ్గుతుందని ఎప్పుడో తేలిపోయింది. మరి తడిసి, ఆరి, మళ్లీ తడిసి, నాలుగైదు ఏళ్ల వానలూ ఎండలూ గడిచాక కూడా తగ్గినది తగ్గినట్టే ఉంటుందా, కాస్త సున్నం కూడా వేస్తే నిలబడుతుందా? దీన్ని పట్టుకో. మే నెలలో చెయ్యి దూరే నెర్రెలు, ఆగస్టుకల్లా చెప్పులు ఊడబెరికే జిగురు, రెండూ మన చేలల్లో చూసినదానివేగా.

ముందు ఈ వారమే ఒక పని చెయ్యి. ఆ మట్టిని ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. జాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, గాజు కడ్డీతో కలిపి బుడగలు పోగొట్టి 24 గంటలు కదపకుండా వదిలెయ్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండు జాడీల్లో మట్టి మట్టాల తేడాని కిరోసిన్ మట్టంతో భాగించి శాతం కడితే అదే ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె. 50 లోపు వచ్చిందా, ఉబ్బు తక్కువన్నమాట, ఇంకో ఊరి మట్టి చూసుకో.

తర్వాత లెక్క. నాలుగు బూడిద మోతాదులు, 7, 28, 90 రోజుల క్యూరింగ్ (కలిపిన మట్టిని తేమ పోకుండా ఉంచడం), ఒక్కోదానికి మూడు నమూనాలంటే 36. కన్సాలిడేషన్‌లో, అంటే బరువు పెట్టి మట్టి ఎంత కుదించుకుంటుందో చూసే పరీక్షలో, ఒక్కో బరువూ ఒక రోజు తింటుంది, ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయో ల్యాబ్ అటెండర్‌ని అడుగు, గైడ్ కన్నా ఆయనకే బాగా తెలుసు. నేను ఇది అడక్కుండా దిగి, ట్రయాక్సియల్ (మట్టి బలం కొలిచే పరీక్ష) మధ్యలో కరెంటు పోయి రెండుసార్లు మొదటికొచ్చాను.

మెషీన్ లెర్నింగ్ అంటావా, 36 నమూనాలతో అది నేర్చుకునేదేముంది? కృష్ణ ఒడ్డు ఇసుక మీద లిక్విఫాక్షన్ (భూకంపానికి తడి ఇసుక ద్రవంలా మారడం) మంచి సబ్జెక్టే, 2016 ఐఎస్ 1893 భూకంప కోడ్ పటంలో విజయవాడ జోన్ 3. కానీ బోర్‌హోల్ రిపోర్టులు (నేలలో బోరు వేసి పొరలు పరీక్షించిన వివరాలు) ఎవరిస్తారో తేలాకే మాట్లాడు.

ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద దగ్గరే కాబట్టి థీసిస్‌కి సరిపడా ఒకేసారి తెచ్చి మూత బిగించి పెట్టు, లారీ లోడు మారితే బూడిద గుణమూ మారొచ్చు. మట్టి కూడా అంతే, వానలు పడకముందే ఒకే గుంటలోంచి, మీటరు లోతున, మూడు బస్తాలు.