ఆర్కే బీచ్‌లో సముద్రం ఎందుకు వంగింది?

ప్రశ్న: నా ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండే) కెమెరాకు ఇటీవల 10-18 ఎంఎం వైడ్ యాంగిల్ జూమ్ లెన్స్ కొన్నాను. ఆర్కే బీచ్‌లో తీసిన ఫొటోల్లో సముద్రం అంచు (ఆకాశాన్ని కలిసే గీత) విల్లులా వంగి వస్తోంది. బీచ్ రోడ్డులోని అపార్ట్‌మెంట్లేమో వెనక్కి వాలిపోతున్నట్లు కనిపిస్తున్నాయి. లెన్స్ మార్పించుకోవాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అక్కర్లేదు. మీరు అడిగినవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది లెన్స్ స్వభావం వల్ల, రెండోది మీరు కెమెరాను పట్టుకున్న తీరు వల్ల వచ్చినవి.

ఇలాంటి జూమ్‌లు 10 ఎంఎం దగ్గర తిన్నని గీతలను పీపా పక్కల్లా బయటికి ఉబ్బిస్తాయి కనుక దీన్ని బ్యారెల్ డిస్టార్షన్ అంటారు. ఫ్రేము నట్టనడుమ నుంచి పోయే గీత మాత్రం వంగదు. కాబట్టి సముద్రం అంచు మధ్యలో ఉండేలా ఒక ఫొటో, పైభాగంలో ఉండేలా మరొకటి తీయండి. మొదటిది తిన్నగా, రెండోది నడుమ ఉబ్బినట్లుగా వస్తే లెన్స్ సహజంగానే పనిచేస్తున్నట్లు. (భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఒడ్డున నిలబడి తీసిన ఫొటోలో ఆ వంపు తెలియదు. ఈ పరీక్షకు ఆ బీచ్‌లోనే ఉన్న కురుసుర జలాంతర్గామి కూడా పనికిరాదు, దాని ఒడలే గుండ్రం.)

కెమెరా మెనూలో డిస్టార్షన్ కరెక్షన్ ఉండి, అది మీ లెన్స్‌ను గుర్తిస్తే, జేపెగ్ ఫొటోలు సరిదిద్దుకునే వస్తాయి. రా ఫైళ్లకు (కెమెరా సవరించకుండా దాచే ముడి ఫొటోలకు) మాత్రం ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోని ప్రొఫైల్ కరెక్షన్స్ గానీ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోని లెన్స్ కరెక్షన్ గానీ వాడాలి. చేత్తో స్లైడర్ జరపడం కంటే ప్రొఫైలే (ఆ లెన్స్ వంపును ముందే కొలిచి తయారుచేసిన సవరణే) మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కొన్ని లెన్స్‌లలో గీత నడుమ ఒకవైపు, చివర్లలో మరోవైపు మీసకట్టులా వంగుతుంది, దాన్ని ఒక్క స్లైడర్ సరిచేయలేదు. ఈ సవరణలో మూలలు సాగి అంచులు కొంత తెగిపోతాయి. తీసేటప్పుడే చుట్టూ కాస్త జాగా వదలండి.

ఇక అపార్ట్‌మెంట్ల వాలును ఏ ప్రొఫైలూ సరిచేయదు. కెమెరాను పైకెత్తితే నిలువు గీతలు పైన దగ్గరపడతాయి, అంతే. లైట్‌రూమ్‌లో దీన్ని సరిదిద్దడానికి ట్రాన్స్‌ఫార్మ్ అనే సాధనం ఉంది. అయితే ముందు ప్రొఫైల్ వర్తింపజేసి, ఆ తర్వాతే దీన్ని వాడాలి. సింహాచలం గోపురం వంటి ఎత్తయిన కట్టడాలను పూర్తిగా నిలబెడితే పైభాగం బరువెక్కినట్లు అసహజంగా ఉంటుంది, కొంత వాలు ఉంచేయడమే అందం. బీచ్ రోడ్డులోనైతే ఇసుకలోకి నాలుగడుగులు వెనక్కి నడిచే వీలుంది కాబట్టి, కెమెరాను పైకెత్తకుండా తిన్నగా పట్టుకొని తీసి, ఫొటోలో కింద మిగిలిన ఇసుకను కత్తిరించుకోండి.