జతలు చెడకుండా చూసుకో, అమ్ములూ

చి. అమ్ములుకు,

ప్రకటన చూశాక జనానికి కొనాలన్న ఆసక్తి పెరుగుతుందో లేదో పెయిర్డ్ టీ టెస్ట్‌తో, అంటే అదే మనుషులు ప్రకటనకు ముందు, తర్వాత ఇచ్చిన మార్కులను జతలుగా పోల్చే పరీక్షతో తేలుస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తిన పిల్లవి! ఎంత గర్వంగా అనిపించిందో. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

మామూలు సంగతులు మీ గైడ్ చెప్పే ఉంటారు. డేటా చూడకముందే నల్ హైపాథసిస్, అంటే ‘ప్రకటనతో సగటున మార్పేమీ లేదు’ అన్న ఊహ, రాసిపెట్టుకో. ఒక్కొక్కరి ‘తర్వాత’ మార్కులోంచి ‘ముందు’ మార్కు తీసేసి, ఆ తేడాల సగటును దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో (ఆ సగటు ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే అంకెతో) భాగిస్తే టీ వస్తుంది. నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో పరుచుకుని, ఉండాల్సింది ఆ తేడాలే, విడివిడి మార్కులు కాదు. మనుషులు తక్కువై, తేడాలు మరీ ఒక పక్కకు ఒరిగితే, వాటి ప్లస్, మైనస్ గుర్తులను మాత్రమే లెక్కపెట్టే సైన్ టెస్ట్ వాడు.

నా భయమంతా జతల గురించే. మా ఆఫీసులో ఒక కుర్రాడు ఉండేవాడు, చాలా చురుకైనవాడు. సరిగ్గా నీలాంటి సర్వేనే చేశాడు. షీట్ చూడ్డానికి బాగుండాలని ‘ముందు’ కాలమ్‌ను విడిగా, ‘తర్వాత’ కాలమ్‌ను విడిగా చిన్న నుంచి పెద్దకు సార్ట్ చేసేశాడు. టీ విలువ ఆకాశాన్నంటింది. అందరూ భుజం తట్టారు.

ఏం జరిగిందో నలుగురితో చూడు. ప్రకటన చూడకముందు వాళ్లు ఏడు మార్కులకు ఇచ్చినవి 2, 5, 3, 4 అనుకో. అదే వరుసలో తర్వాత 5, 3, 4, 6. తేడాలు 3, -2, 1, 2. సగటు 1, టీ దాదాపు 0.93, అంటే ఏమీ తేలనట్టే. ఇప్పుడు రెండు కాలమ్‌లనూ విడివిడిగా సార్ట్ చెయ్యి. 2, 3, 4, 5 పక్కన 3, 4, 5, 6 వచ్చి కూర్చుంటాయి. అందరికీ తేడా కచ్చితంగా 1! తేడాల్లో ఎగుడుదిగుడులు లేక స్టాండర్డ్ ఎర్రర్ సున్నా అయిపోతుంది, అందుకే టీ అలా ఎగురుతుంది. సగటు మాత్రం మారలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మనుషులు మారిపోయారు. ఒకరి ‘ముందు’కు ఇంకొకరి ‘తర్వాత’ అంటుకుంది.

ఆ కుర్రాడి పొరపాటు బయటపడింది ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఇచ్చే రెండో పట్టికలో. అందరూ గబగబా మూడో దానికి, ఫలితం తేలిందో లేదో చూసే పీ విలువ దగ్గరికి పరిగెడతారు. రెండోదాంట్లో ముందు-తర్వాతల మధ్య కోరిలేషన్, అంటే రెండూ ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె, ఉంటుంది; పూర్తిగా కలిసి నడిస్తే 1. ఆ కుర్రాడిది 0.99. మనుషులు అంత పద్ధతిగా జవాబులు ఇస్తారటమ్మా? కాగితాలు తిరగేస్తే సంగతి తెలిసింది. పాపం, రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేదు. కాబట్టి ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వు, సార్ట్ చేస్తే మొత్తం వరుసలన్నీ కలిపే చెయ్యి, ఆ రెండో పట్టిక తప్పకుండా చూడు.

ఇంకోటి, దీనికి మాత్రం తిట్టాల్సిందే. మొదట జవాబిచ్చినవాళ్లు రెండోసారి దొరక్కపోతే వేరేవాళ్లతో సర్దేస్తానన్నావట. కుదరదు! వేరే మనిషితో జత ఎలా అవుతుంది? ఆ వరుస తీసేసి, ఎంతమంది రాలేదో, ముందు వాళ్లు ఎన్ని మార్కులిచ్చారో రిపోర్టులో రాయి. ఆసక్తి లేనివాళ్లే మానేసి ఉంటే నీ ఫలితం ఒక పక్కకు ఒరిగిపోయినట్టే.

టీ విలువ పెద్దగా వచ్చినా అది ప్రకటన పుణ్యమేనని రాసెయ్యకు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే, నువ్వేం కోరుకుంటున్నావో జనం పసిగట్టేస్తారు. వీలైతే సగంమందికి, చీట్లు తీసి మరీ, ప్రకటన చూపించకుండా రెండుసార్లూ అడుగు. అప్పుడు రెండు గుంపుల తేడాలనూ పోల్చాలి, దానికి రెండు వేర్వేరు గుంపుల సగటులను పోల్చే మామూలు టూ శాంపుల్ టీ టెస్ట్ చాలు.

ఈ పరీక్షకు మూలపురుషుడు గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి, తెలుసా? 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో అచ్చువేసిన వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది 10 మంది రోగుల నిద్ర లెక్కలు. ఒక్కొక్కరి మీదా రెండు మందులు, అంటే జతలే. పదిమందితోనే పని జరిగింది కదా అని నువ్వూ పదిమందితో సరిపెట్టకు. ప్రకటనతో వచ్చే మార్పు చిన్నదే అయి ఉంటుంది, అంత తక్కువమందిలో అది కనబడదు.

ప్రశ్నావళి ప్రింట్ చేయించే ముందు నాకు పంపు. నంబరు వేసే చోటు ఉందో లేదో ముందు అదే చూస్తాను.

నీ అత్తయ్య