హైదరాబాద్‌లో గంటా అయిదు నిమిషాల్లో విమానం మారడం అయ్యే పనేనా?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం నుంచి మీరూ, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారూ పుణె వెళ్లాలి. రాజమండ్రిలో ఎక్కి హైదరాబాద్‌లో దిగి ఇంకో విమానం ఎక్కాలి. మధ్యలో ఉన్నది 1 గంట 5 నిమిషాలు. అది కొనొచ్చా, లేక నాలుగు గంటలు కూర్చోబెట్టే టికెట్ తీసుకోవాలా అని.

ముందు ఒక్క మాట చెప్పండి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (టికెట్ మీద ఉండే బుకింగ్ నంబరు) మీద ఉన్నాయా? ఉంటే కొనెయ్యండి. చవగ్గా వస్తోందని రాజమండ్రి–హైదరాబాద్ ఒకచోట, హైదరాబాద్–పుణె ఇంకోచోట విడివిడిగా కొంటుంటే మాత్రం, గంటా అయిదు నిమిషాలు సరే, మూడు గంటలున్నా నేనైతే కొనను. ఆ తెలివితేటలు ఒకసారి చూపించి చేతులు కాల్చుకున్నవాణ్ని.

మాది కడియం పక్కన. నర్సరీ మొక్కల వ్యాపారం. మొక్కలు లారీ ఎక్కుతాయి, బాకీల వసూలుకి ఈయన విమానం ఎక్కుతాడు అని మా ఇంట్లో ఎగతాళి. పుణె, లక్నో, అహ్మదాబాద్ అంటూ ఏడాదికి ఆరేడుసార్లు మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో ఎక్కి, హైదరాబాద్ శంషాబాద్‌లో మారుతుంటాను.

ఆ ముచ్చట సంక్రాంతి వెళ్లిన వారంలో జరిగింది. లక్నో పని. రెండు వేరే వేరే కంపెనీల టికెట్లు కొన్నాను, మధ్యలో 2 గంటల 10 నిమిషాలు. బోలెడంత టైము అనుకున్నాను. పొద్దున్నే మధురపూడి వెళ్లేసరికి పొగమంచు. ఎదురుగా ఉన్న రన్‌వే కనపడటం లేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: మనం ఎక్కే విమానం రాత్రి మన దగ్గర పడుకుని ఉండదు. హైదరాబాద్ నుంచి జనాన్ని దింపి, అదే మనల్ని ఎక్కించుకుని వెనక్కి పోతుంది. అది దిగలేకపోతే మనం కదిలేది లేదు. మంచు విడి, అది వచ్చి, మేం బయల్దేరేసరికి దాదాపు గంటన్నర ఆలస్యం.

సరే, ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి కదా, పరిగెత్తుదాం అనుకున్నాను. కానీ టికెట్లు రెండు కాబట్టి నా పెట్టె హైదరాబాద్ దాకానే. బెల్టు దగ్గర దానికోసం నిలబడాలి, బయటికి రావాలి, పైఅంతస్తుకి ఎక్కాలి, మళ్లీ గేటు దగ్గర ఆధార్ చూపించాలి, మళ్లీ కౌంటర్‌లో పెట్టె ఇవ్వాలి. దేశీయ విమానాలకి సామాను తీసుకునే కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు. అంటే నేను శంషాబాద్‌లో కాలు పెట్టకముందే ఆ విమానం నాకు తప్పిపోయింది. తెలియక ఊరికే పరిగెత్తాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని ఏమనగలం? మొదటి విమానం ఆలస్యంతో రెండో కంపెనీకి సంబంధం లేదు. వాళ్ల లెక్కలో నేను రాని ప్రయాణికుణ్ని, అంతే. టికెట్ డబ్బు పోయింది. పన్నులూ విమానాశ్రయం రుసుములూ మాత్రం అడిగితే వెనక్కిచ్చారు. అవి ఇవ్వాలని నిబంధన ఉంది, కాబట్టి ఇలాంటిది జరిగితే సిగ్గుపడకుండా అడగండి. విడివిడిగా కొని నేను మిగుల్చుకున్నది పద్నాలుగు వందలు. ఆ మధ్యాహ్నం కొత్త టికెట్‌కి పెట్టింది తొమ్మిది వేల పైచిలుకు.

ఒకే పీఎన్ఆర్ అయితే కథ వేరు. మధురపూడిలోనే రెండు బోర్డింగ్ పాసులూ ఇస్తారు, పెట్టె నేరుగా పుణెలో తీసుకోవడమే. పెట్టెకి కట్టే చీటీ మీద చివరి ఊరు పుణె అని, అంటే పీఎన్‌క్యూ అనే మూడక్షరాలు, ఉన్నాయో లేదో కౌంటర్ వదలకముందే చూసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లదే. నాకు ఒకసారి అలా తప్పింది. గొడవేం లేదు, నాలుగు గంటల తర్వాత దాంట్లో పంపారు, పైసా అడగలేదు.

అందుకే నిమిషాల సంగతి కంటే ముందు మీరు చూడాల్సింది, ఆ రోజు మీ విమానం తర్వాత హైదరాబాద్ నుంచి పుణెకి అదే కంపెనీవి ఇంకెన్ని ఉన్నాయని. ఇంకో రెండు ఉంటే ఈ గంటా అయిదు నిమిషాలకి టెన్షన్ అక్కర్లేదు. మీదే ఆఖరిదైతే, నాలుగు గంటల టికెట్టే తీసుకోండి. అమ్మగారిని పెట్టుకుని రాత్రి హోటల్ వెతుక్కునే కంటే కుర్చీలో కూర్చుని ఓ కాఫీ తాగడం నయం.

ఇక ఆ అరవై అయిదు నిమిషాల్లో మీ చేతికి వచ్చేవి ఎన్నో చూద్దాం. గేటు విమానం టైముకి మూయరు, పాతిక నిమిషాల ముందే మూస్తారు. కాబట్టి ఉన్నది నలభై. చిన్న విమానం దూరంగా ఆగుతుంది, మెట్లు దిగి బస్సెక్కి టెర్మినల్‌కి రావాలి, దానికి పది పన్నెండు నిమిషాలు. మిగిలినది అరగంట లోపు. అందులో మళ్లీ సెక్యూరిటీ చెక్, ఆపైన గేటు దాకా నడక. కుర్రాడైతే మధ్యలో ఇడ్లీ కూడా తినొచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది బొటాబొటి. ఒకే టికెట్ మీద అమ్మేటప్పుడు, ఏ విమానాశ్రయంలో మారడానికి కనీసం ఎంత టైము కావాలో లెక్కేసి అంతకంటే తక్కువవి కంప్యూటర్ చూపించదు. నిజమే. కానీ ఆ లెక్క మీ అమ్మగారిని చూసి వేసింది కాదు.

శంషాబాద్ కాబట్టి ఈమాత్రం ధైర్యం చెబుతున్నాను. అక్కడ దేశీయం, విదేశీ అన్నీ ఒకే కప్పు కింద. దిగి లోపలికి రాగానే విమానం మారేవాళ్లకి బోర్డు ఉంటుంది. అందరితోపాటు బెల్టుల వైపు కొట్టుకుపోకుండా ఆ బోర్డు పట్టుకుని వెళ్తే చాలు. ముంబయిలోనో ఢిల్లీలోనో ఇదే గంటా అయిదు నిమిషాలు అంటే, ఏ టెర్మినల్‌లో దిగి ఏ టెర్మినల్‌లో ఎక్కాలో చూడకుండా నేను సరే అనను. ముంబయిలో ఒకటో టెర్మినల్‌కీ రెండో టెర్మినల్‌కీ మధ్య ఊరి ట్రాఫిక్‌లో పడి వెళ్లాలి.

అన్నట్టు 2024 డిసెంబర్‌లో మధురపూడి నుంచి ముంబయికి నేరుగా విమానం మొదలైంది. మీ తేదీకి అది దొరికితే, ముంబయిలో దిగి కారులో పుణె వెళ్లిపోవడం ఇంకో దారి. నూటయాభై కిలోమీటర్లు. విమానం మారే బాధ లేదు గానీ ఘాట్ రోడ్డు మీద మూడు నాలుగు గంటలు కూర్చోవాలి. అమ్మగారికి ఏది సులువో మీకే తెలియాలి.

సీటు సంగతి. హైదరాబాద్ వెళ్లేది రెక్కల మీద పంకాలున్న ఏటీఆర్ అయితే, వెనక వరసలో సీటు తీసుకోండి. అందరూ అలవాటుగా ముందు సీటుకి ఎగబడతారు. కానీ ఏటీఆర్‌లో మనం ఎక్కి దిగే తలుపు వెనకే ఉంటుంది, ముందు తలుపు సామానుది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి అందరికంటే ఆఖర్న దిగుతాడు. ఇది తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇంకోటి, డెబ్భై మందికి పైగా జనం ఒక బస్సులో పట్టరు, రెండు వస్తాయి. మొదటి బస్సు ఎక్కండి, కానీ లోపలికి జరిగిపోకుండా తలుపు దగ్గరే నిలబడండి. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ తిడతాడు గానీ ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. చక్రాల పెట్టె ఆ విమానం పై అరలో పట్టదు, మెట్ల దగ్గర తీసేసుకుంటారు. మళ్లీ దానికోసం ఆగాలి. భుజానికి వేసుకునే సంచే మేలు.

ఇదంతా మీరు ఒంటరిగా వెళ్తే. అమ్మగారికి చక్రాల కుర్చీ పెట్టించండి. టికెట్ కొనేటప్పుడే అడగాలి. నడవగలను, నాకెందుకు అంటారు, మా అత్తగారూ అలాగే అన్నారు. కుర్చీవాళ్లని విమానంలోంచి ఆఖర్న దింపుతారు, అదొక్కటే నష్టం. ఆవిడతో పుణె వెళ్లినప్పుడు మాకు మారడానికి ఉన్నది 1 గంట 10 నిమిషాలు. అందరూ దిగిపోయాక మేం పన్నెండు నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఆవిడ నా వంక చూడటం, నేను గడియారం వంక చూడటం. కానీ కిందికి దిగాక ఆ కుర్చీ తోసే కుర్రాడు, వైజాగ్ వైపు పిల్లాడు, సెక్యూరిటీ దగ్గర వేరే వరసలో తీసుకుపోయి, లిఫ్టులో ఎక్కించి, గేటు దగ్గర నిలబెట్టేశాడు. నేను వెనక పరిగెత్తలేక రొప్పుతుంటే అత్తగారు కుర్చీలోంచి వెనక్కి తిరిగి "అల్లుడూ, మీక్కూడా ఒకటి చెప్పాల్సింది" అన్నారు. గేటు మూయడానికి ఏడు నిమిషాలు మిగిలింది. అందుకని విమానంలో ఎక్కగానే అక్కడి సిబ్బందికి మాకు పుణె కనెక్షన్ ఉంది అని చెప్పి పెట్టండి. కింద ఒక్కోసారి పుణె అని కేకేస్తూ మనిషి నిలబడి ఉంటాడు.

ఆ రోజు మేం ఎక్కాం, పెట్టె ఎక్కలేదు. పుణెలో బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది. అలా అయితే బయటికి రాకముందే, బెల్టుల దగ్గరే ఉండే కౌంటర్‌లో రాయించి కాగితం తీసుకోవాలి. మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చిచ్చారు. బీపీ మాత్రలు నా సంచిలో ఉండబట్టి సరిపోయింది. మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. పూతరేకులు కూడా. పెట్టెలో వేస్తే పొడి తినాల్సిందే. ఆవకాయ మాత్రం పెట్టెలోకే, చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాలి. కురిడీ కొబ్బరి రెండింట్లోనూ వద్దు. నూనె ఎక్కువ, అంటుకుంటుందని ఎండుకొబ్బరిని విమానంలోకే రానివ్వరు. కోనసీమవాళ్లం, ఎవరో ఒకరు ఓ అరడజను కాయలు పెట్టెలో కుక్కుతూనే ఉంటారు. పెట్టె విప్పించి తీయించడంతో ఎక్కాల్సిన విమానం దగ్గరే ఆలస్యమవుతుంది.

ఏ పూట విమానం అంటే, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మొట్టమొదటి విమానం మీద బొటాబొటి కనెక్షన్ పెట్టుకోవద్దు. మంచు విడిచాక బయల్దేరేది చూడండి. ఎండాకాలంలో అయితే దానికి ఎదురు, సాయంత్రం గాలివానల భయం, పొద్దుటిదే మేలు. అమలాపురం నుంచి మధురపూడికి రెండు గంటలు వేసుకోండి. రావులపాలెంలో అరటిగెలల బళ్లు అడ్డం పడితే జొన్నాడ వంతెన ఎక్కేసరికే తెల్లారుతుంది.

తప్పనిసరిగా రెండు టికెట్లే కొనాల్సి వస్తే, హైదరాబాద్ దాకా విమానం మానేసి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగి పుష్పక్ బస్సులో శంషాబాద్ వెళ్లి, మధ్యాహ్నం విమానం ఎక్కొచ్చు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. కానీ ఒకే పీఎన్ఆర్ కొనేసి, మొదటి ముక్క వదిలేసి రైల్లో వెళ్దాం అనుకోకండి. మధురపూడిలో మీరు ఎక్కలేదంటే మిగతా టికెట్ కూడా రద్దవుతుంది. మా బంధువు ఒకాయన అలాగే శంషాబాద్ గేటు దగ్గర టికెట్ పట్టుకుని నిలబడిపోయాడు.

తిరుగు ప్రయాణం టికెట్ కూడా ఇప్పుడే తీసుకుంటుంటే, హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఆ రోజు ఆఖరి విమానం కాకుండా దాని ముందుది చూడండి. పుణె నుంచి ఏ టైముకి దిగుతారో తేదీతో సహా ఇక్కడ పెడితే, ఏది కుదురుతుందో చూసి చెబుతాను.