నిన్నటిదాకా తోటి పనివాడు, ఇవాళ సూపర్‌వైజర్: జట్టుతో ఎలా మెలగాలి?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో కొత్తగా సూపర్‌వైజర్ అయినవారికి ఎదురయ్యే చిక్కే ఇది. గట్టిగా మాట్లాడితే పాత స్నేహం చెడుతుంది, మెత్తగా ఉంటే పని సాగదు.

మొదటి 2 వారాల్లో ఒక్కొక్కరితో విడిగా 15 నిమిషాలు కూర్చోండి. టీ కొట్టు దగ్గరైనా సరే, మిగతావాళ్లకు వినపడకూడదు. అడగాల్సినవి రెండే: పని ఎక్కడ ఆగుతోంది, నా వైపు నుంచి ఏం కావాలి? వింటూ మధ్యలో సమర్థించుకున్నారంటే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. చెప్పినవాటిలో చిన్నదొకటి, అరిగిన వెల్డింగ్ అద్దాలు మార్చడం లాంటిది, వారంలోపు చేసి చూపించండి. చేయలేనిదైతే కారణం చెప్పేయండి. ‘చూద్దాం’ అని నాన్చితేనే నమ్మకం పోతుంది.

తప్పు జరిగితే పక్కకు పిలవండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అనొద్దు, ‘ఈ జాయింటులో వెల్డు లోపలికి దిగలేదు, మళ్లీ వేద్దాం’ అనండి. పెద్ద మేస్త్రిని కుర్రాళ్ల ముందు మందలిస్తే ఆయనతోపాటు కుర్రాళ్లూ దూరమవుతారు. మెచ్చుకోలు మాత్రం అందరి ముందే, ఏ పనికో చెప్పి మరీ.

ఓవర్‌టైం, సెలవులు పాత స్నేహితులకే ఇస్తున్నారన్న అనుమానం ఇట్టే పుడుతుంది. వంతుల పట్టిక రాసి గోడకు అంటించండి. మే ఎండల్లో రేకుల షెడ్డు కింద పనివేళలు ఎలా మార్చాలో వాళ్లనే అడిగి తేల్చండి.